కారణం తెలియరాలేదు

పీహెచ్‌డీకి ఎన్నేళ్లు పడుతుందో చేరేటప్పుడు ఎవరూ చెప్పరు. చెబితే ఎవరూ చేరరు. బొంగరం ముప్ఫై నాలుగో ఏట చేరింది. చుట్టాల్లో ఇద్దరు నవ్వారు, ఒకావిడైతే చదవేస్తే ఉన్న మతి పోయిందని మొహం మీదే అంది. ఆ అన్నావిడే ఇప్పటికీ కనిపించినప్పుడల్లా ఇంకా అవలేదా అని అడుగుతుంది. బొంగరానికి నలభై రెండొచ్చాయి. ఇంకా అవలేదు.

బొంగరం అసలు పేరు కాదని వేరే చెప్పక్కర్లేదు. పాలిటెక్నిక్‌లో విద్యార్థులకు ఆమె మెషీన్స్ మేడం. బొంగరం అని పిలిచేది ఈ లోకంలో ఒక్కడే, అక్క మొగుడు. పేరు బాగుంది గనుక మనమూ అదే వాడుకుందాం.

తొమ్మిదేళ్లప్పుడు ఆమె తల్లి పోయింది. తండ్రి అంతకు ముందే లేడు. పెళ్లయి ఏడాది తిరగని అక్క, చెల్లెల్ని వెంటబెట్టుకుని కాపురానికి తిరిగొచ్చింది. బావ ఒక్క మాట అనలేదు, మర్నాడే సైకిల్ వెనక సీటుకు పాత దిండొకటి కట్టి తీసుకెళ్లి బడిలో చేర్పించాడు. ఆయనది మోటార్లు రివైండింగ్ చేసే షాపు. రోడ్డు మీదికి తెరుచుకునే ఒకే గది. లోపల వార్నిష్ వాసన, కొక్కేలకు వేలాడే రాగి తీగ చుట్టలు, కాలిన కాయిళ్లు పీకేసిన మోటారు డొక్కులు. బడి వదలగానే పిల్ల నేరుగా అక్కడికొచ్చి కాయిలు చుట్టే మిషను పక్కన కూర్చునేది. చుట్లు లెక్కపెట్టడం ఆమె పని. నూట నలభై ఉండాల్సిన చోట ఒక్కటి తగ్గినా ఒప్పుకునేది కాదు, మళ్లీ మొదటినుంచీ చుట్టించేది. లెక్క అయిపోయిందంటే మాత్రం కాలు ఒక చోట నిలిచేది కాదు. అందుకే బావ బొంగరం అన్నాడు, అదే ఉండిపోయింది.

ఆ షాపుకు పేరొచ్చింది రాగి తీగ వల్ల కాదు, బావ చెవి వల్ల. మోటారు తిరుగుతుండగా రెండడుగుల పొడవు స్క్రూడ్రైవర్ కొనను బేరింగు మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. పది లెక్కపెట్టేలోపు తీర్పు చెప్పేవాడు. తీర్పులు మూడే. మంచిది, పోయింది, పోబోతోంది. మొదటి రెండూ దారినపోయే వాడైనా చెబుతాడు. మూడోదే విద్య. ఇవాళ నిక్షేపంలా తిరుగుతున్న మోటారు రెండు నెలల్లో పట్టేస్తుందని ముందే చెప్పాలంటే మామూలు చెవి చాలదు. ఆ చప్పుడు ఎలా ఉంటుందని బొంగరం చిన్నప్పుడు అడిగితే, కాగితం మీద సన్నటి ఇసుక పోసి చూపించాడు. ఊరికంతటికీ నీళ్లిచ్చే పంప్‌హౌస్‌లో నలభై మోటార్లుంటాయి. ఏటా వాటిని తనిఖీ చేసే పని ఇరవై ఏళ్లుగా బావదే. మీటర్లు పట్టుకున్న వాళ్లు ఎంతమంది పోటీకొచ్చినా నీళ్ల ఇంజనీరు ఆ చెవినే నమ్మాడు.

బొంగరం డిప్లొమా చేసింది, ఉద్యోగం చేస్తూ సాయంత్రం కాలేజీలో ఇంజనీరింగ్ చేసింది, పాలిటెక్నిక్‌లో లెక్చరర్ అయింది. బస్సు డ్రైవర్‌ను పెళ్లాడింది. ఆయనకు డ్యూటీ లేని రోజు వంట ఆయనదే గనుక ఆమెకు చదువుకోను తీరిక దొరికింది. ఇక చాలని అందరూ అనుకుంటున్నప్పుడు, బావ చెవిని ఒక పెట్టెలో పెట్టాలని ఆమెకు బుద్ధి పుట్టింది. ఆయనకు యాభై దాటాయి. ఆయన తర్వాత ఆ విద్య ఎవరికుంది? శిష్యులు కొందరు వచ్చారు, కాయిళ్లు చుట్టడం నేర్చుకుని వెళ్లిపోయారు. చెవి ఎవరికీ రాలేదు. తిరిగే మోటారు చప్పుడు రికార్డు చేసి, దాని పక్కన బావ తీర్పు రాసి, అలాంటివి వేలకొద్దీ కంప్యూటరుకు నేర్పితే అది కూడా వినడం నేర్చుకుంటుంది కదా అనుకుంది. ఆలోచన మంచిదే.

యూనివర్సిటీలో కంప్యూటర్లవాళ్లనూ కరెంటువాళ్లనూ ఒకే డిపార్టుమెంటులో కలిపారు గానీ వాళ్లు నిజంగా కలిసింది టీ దగ్గర మాత్రమే. కంప్యూటర్లవాళ్లు ఈమెను మోటార్ల మనిషి అన్నారు, మోటార్లవాళ్లు కంప్యూటర్ల పిచ్చి పట్టిందన్నారు. రెంటికీ చెడ్డ రేవడిలా ఆర్నెల్లు వరండాల్లో తిరిగాక, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ ఒక ప్రొఫెసర్ గైడుగా ఉంటానన్నాడు. ఆయన కంప్యూటర్లో ఏదీ చదవడు. అంతా కాగితాల మీద అచ్చు వేయించుకుని ఆకుపచ్చ పెన్సిలుతో మార్జిన్లో ప్రశ్నలు రాస్తాడు. మెచ్చుకోవడం ఆయనకు చేతకాదు. అబద్ధం ఆడటమూ అంతే.

మొదటి నాలుగేళ్లూ రికార్డింగులే. ప్రతి ఆదివారం షాపులో మోటారు ఒంటికి చిన్న మైకు అంటించి ఆమె రికార్డు చేస్తుంటే, బావ స్క్రూడ్రైవర్ చెవికి పెట్టి తీర్పు చెప్పేవాడు. ఆమె రాసుకునేది. పరిశోధన పత్రాల్లో బావ పేరు నిపుణుడు-ఒకటి. నిపుణుడు-రెండు ఎవరూ లేరు, కానీ ఒకటి అని రాస్తే శాస్త్రీయంగా ఉంటుందట. తర్వాత మూడేళ్లు పెట్టెకు నేర్పడం. చివరికి నూటికి తొంభై నాలుగు సార్లు పెట్టె చెప్పిందీ బావ చెప్పిందీ ఒకటే అయ్యాయి. గురువుకు తగ్గ శిష్యురాలని డిపార్టుమెంటులో కరెంటువాళ్లు కూడా ఒప్పుకున్నారు. పంప్‌హౌస్‌కు పెట్టెలు కావాలని నీళ్ల ఇంజనీరు కబురు పెట్టాడు. ఆ రోజు బావ షాపు కట్టేసి, ఎన్నడూ లేనిది, పగటిపూట ఇంటికొచ్చి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఎక్కడికీ వెళ్లడానికి కాదు. ఊరికే.

పొడిగింపులతో కలిపి యూనివర్సిటీ ఇచ్చిన ఎనిమిదేళ్ల గడువు ఇంకో పదకొండు వారాల్లో తీరిపోతుందనగా, గైడు ఆకుపచ్చ పెన్సిలుతో ఒక మార్జిన్లో ఇలా రాశాడు: నిపుణుడి తీర్పులు నిజమయ్యాయా?

ఒక్కరోజు పని అనుకుంది బొంగరం. షాపులో మరమ్మతుల రిజిస్టరు ఉంది, ఏ మోటారు ఎప్పుడొచ్చిందో అందులో ఉంటుంది. బావ మంచిదన్న మోటార్లలో రెండు నెలల్లోపు బేరింగు పట్టేసి తిరిగొచ్చినవి ఎన్నో చూస్తే చాలు. మొదటి ఏడాది అలాంటివి రెండు. రెండో ఏడాది ఏడు. మూడో ఏడాది పందొమ్మిది. నాలుగో ఏడాది ముప్ఫై ఒకటి. అవి తిరిగొచ్చినప్పుడు బావ ఏమన్నాడో ఆమెకు గుర్తే. ఇప్పటి బేరింగులన్నీ నాసిరకం అనేవాడు, అందరూ తలూపేవారు, ఆమె కూడా ఊపింది.

ఆ ముప్ఫై ఒక్క రికార్డింగులూ తీసి, పాలిటెక్నిక్ ల్యాబులో హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నది. పొద్దున పదిన్నర. ఎదురుగా రెండో ఏడాది విద్యార్థులు మోటారుకు లోడు పెట్టే ప్రయోగం చేస్తున్నారు. మొదటి రికార్డింగులోనే ఇసుక రాలుతోంది. సన్నగా, స్పష్టంగా. రెండోదాంట్లోనూ అంతే. అంత తేటగా వినిపిస్తున్నదాన్ని బావ మంచిదన్నాడు. పెట్టె కూడా మంచిదనే అంది. పెట్టె తప్పు లేదు, అది నేర్పిందే నేర్చుకుంది.

ఏ ఏడాది బావ ఎంత సన్నటి చప్పుడు దాకా పట్టుకున్నాడో లెక్కకట్టి గ్రాఫు గీసింది. కింద సంవత్సరాలు, పక్కన స్వరం. గీత మెట్లు దిగినట్టు దిగింది. అప్పుడు ఆమెకు అక్క గొంతు గుర్తొచ్చింది. వయసు మీద పడేకొద్దీ అక్కకు నోరు పెరిగిందని, మొగుడి మీద ఒకటే అరుస్తోందని అందరూ అనుకునేవాళ్లు. తనూ అనుకుంది, ఒకసారి మందలించింది కూడా. అక్క ఆ రోజు ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయింది.

మేడం, రీడింగ్ సరిపోయిందా చూడండి అని ఒక విద్యార్థిని వచ్చి అడిగింది. సరిపోయిందని చూడకుండానే చెప్పి, ఆ తర్వాత వెనక్కి పిలిచి మళ్లీ చూసింది. సరిపోలేదు.

ఆ మధ్యాహ్నం సెలవు పెట్టి షాపుకు వెళ్లింది. అడగాలనే వెళ్లింది. బావ వాకిలికి వీపు పెట్టి బల్ల మీద వంగి, ఒక బేరింగును కిరసనాయిలుతో కడుగుతున్నాడు. ఏ మోటారూ తిరగడం లేదు, రోడ్డు మీద కూడా బండ్లు లేవు.

"బావా," అంది.

ఆయన కడుగుతూనే ఉన్నాడు. ఇంకోసారి పిలిచింది, మూడోసారీ పిలిచింది, ఎప్పుడూ పిలిచే గొంతుతోనే. నాలుగో పిలుపుకు ముందు రెండడుగులు లోపలికి వేసింది. ఆమె నీడ బల్ల మీద పడగానే చటుక్కున తిరిగాడు.

"ఎప్పుడొచ్చావే?"

"ఇప్పుడే," అంది.

స్టూలు తుడిచి వేశాడు. కూర్చుంది. పంప్‌హౌస్ తనిఖీ ఏడాది చివర్లో ఉందని, ఈసారి నీ పెట్టెను కూడా తీసుకెళ్దామని, నేనొక పక్క అదొక పక్క వింటామని చెబుతున్నాడు. ఆమె పెదాల వంకే చూస్తూ మాట్లాడుతున్నాడు. ఎప్పటినుంచి ఇలా చూస్తున్నాడో, తనెందుకు గమనించలేదో ఆమెకు అంతుపట్టలేదు. ఎనిమిదేళ్లు ఒక మనిషి చెవి మీద పరిశోధన చేసి, ఆ చెవి పోతున్న సంగతి తనకు తెలియలేదు. ఆమెకు సిగ్గేసింది. ఏడుపు కూడా వచ్చింది గానీ ఆయన చూస్తాడని మింగేసింది. అడగాల్సింది అడగలేదు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. గ్రాఫు దాచేసి థీసిస్ ఇచ్చిందంటే డిగ్రీ వస్తుంది, పెట్టెలు పంప్‌హౌస్‌కు వెళ్తాయి, పోబోతున్న ప్రతి మోటారునూ మంచిదని చెబుతాయి. ఒకరోజు ఊరికి నీళ్లుండవు. గ్రాఫు పెట్టి కారణం రాసిందంటే, నిపుణుడు-ఒకటి ఎవరో తెలియనివాడు ఊళ్లో లేడు. నీళ్ల ఇంజనీరు మొదటి రోజే చదువుతాడు. చెవి మీద బతికే మనిషికి చెవి లేదని అచ్చులో వేసి, దాని కింద డాక్టర్ అని తన పేరు రాసుకోవడం ఏరు దాటి తెప్ప తగలేయడమే. మొదటి ఏడాది తీర్పులు మాత్రమే వాడుకుందామంటే అవి రెండొందలు. పెట్టెకు అక్షరాభ్యాసానికి కూడా చాలవు. గడువు ఇప్పటికే రెండుసార్లు పొడిగించారు, మూడోసారి అన్నది రూల్సులో లేదు.

గైడుకు గ్రాఫు చూపించింది. ఆయన చాలాసేపు చూశాడు. ఆయన మొహం వెలగడం ఆమె చూడటం అదే మొదటిసారి. నేర్పేవాడి లోపాన్ని కూడా యంత్రం నమ్మకంగా నేర్చుకుంటుందని ఇంత శుభ్రంగా ఎవరూ చూపించలేదని, ఎనిమిదేళ్లలో ఇదే అసలైన అధ్యాయమని అన్నాడు. ఆ క్షణంలో ఆమెకు ఆయన మీద అసహ్యం పుట్టింది. అందులో ఆయన తప్పేమీ లేదు. ఆయనకు కనిపించింది గీత, ఆమెకు కనిపించింది మనిషి.

అధ్యాయం రాసింది. అంతా రాసింది. చివర ఒక వాక్యం పెట్టింది: నిపుణుడి తీర్పులో వచ్చిన ఈ మార్పునకు కారణం తెలియరాలేదు.

గైడు ఆ వాక్యం కింద ఆకుపచ్చ గీత గీశాడు. "తెలియకనా, చెప్పలేకనా?" అని అడిగాడు.

ఆమె కాగితాలు సర్దుకుంది.

"బయటి నుంచి వచ్చే పరీక్షకురాలు ఇది వదిలిపెట్టదమ్మా. అడిగితే నేను అడ్డుపడను. ఆవిడ కాదంటే ఇక గడువు లేదు, ఎనిమిదేళ్లూ పోతాయి. ఆలోచించుకో."

ఆలోచించుకుంది. మార్చలేదు.

వైవా అందరికీ తెరిచి ఉంచిన పరీక్ష, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. బావను రావద్దనడానికి బొంగరం మూడు రోజులు సాకులు వెతికింది. హాలు చిన్నదంది, అంతా ఇంగ్లీషులో ఉంటుందంది, మధ్యాహ్నం దాకా సాగుతుందంది. ఆయన అన్నిటికీ తలూపి, ఆ పొద్దున అక్కను వెంటబెట్టుకుని అందరికంటే ముందొచ్చి చివరి వరసలో కూర్చున్నాడు. ఆయనకు రెండు కుర్చీల అవతల నీళ్ల ఇంజనీరు. ముందు వరసలో గైడు, పక్కనే సన్నగా, తెల్లటి జుట్టుతో బయటి పరీక్షకురాలు. ఆవిడ గొంతు ఎంత మెల్లనిదంటే మంచి చెవులున్న వాళ్లు కూడా ముందుకు వంగి వినాల్సిందే.

గంటసేపు బొంగరం చక్కగా చెప్పింది. మైకుల గురించి, పెట్టె గురించి, తొంభై నాలుగు గురించి. తర్వాత గ్రాఫు తెర మీదికొచ్చింది. ఈ పెట్టెను ఇప్పుడున్నట్టు ఎక్కడా వాడకూడదని కూడా చెప్పింది. నీళ్ల ఇంజనీరు నొసలు ముడిపడింది. పరీక్షకురాలు లేచి తెర దగ్గరికి వచ్చి, దిగుతున్న గీత మీద వేలు పెట్టింది.

"ఇదెందుకు దిగింది? మీకు తెలుసా?" అంది తెలుగులోనే.

"థీసిస్‌లో రాశానండీ."

"థీసిస్‌లో తెలియరాలేదని ఉంది. మీకు తెలుసా అని అడుగుతున్నాను."

బొంగరం నిలబడిపోయింది. తెలియదంటే అబద్ధం, తెలుసంటే ద్రోహం. కారణం లేకుండా ఈ అధ్యాయాన్ని ఒప్పుకోవడం కష్టమని, ఈ అధ్యాయం లేకపోతే మిగతాది నిలవదని పరీక్షకురాలు నొచ్చుకుంటూనే చెప్పింది. గైడు చేతిలో పెన్సిలును చూసుకుంటున్నాడు. డిగ్రీ ఇక పోయిందనుకుంది బొంగరం. పోతే పోయిందని కూడా అనుకుంది, అలా అనుకున్నాక భుజాల మీద బరువు కాస్త తగ్గింది.

అప్పుడు చివరి వరసలో కుర్చీ జరిగింది. బావ లేచి నిలబడ్డాడు. అక్క ఆయన చొక్కా పట్టుకుని లాగుతోంది, ఆయన ఆమె చెయ్యి నెమ్మదిగా విడిపించుకున్నాడు.

"అమ్మా, మీరేం అడిగారో నాకు వినపళ్లేదు," అన్నాడు. ఆ చిన్న హాలుకు ఆ గొంతు మరీ పెద్దదైంది. "గీత కనపడింది. కింద సంవత్సరాలున్నాయి కదా. ఆ నిపుణుణ్ణి నేనే. నా చెవి పోయింది. రెండో ఏట నుంచే నాకు తెలుసు."

ఎవరైనా ఏమైనా అంటున్నారేమో ఆయనకు తెలిసే వీలు లేదు గనుక చెప్పుకుంటూ పోయాడు.

"చెబితే ఈ పిల్ల చదువు ఆగిపోతుందని చెప్పలేదు. మోటారు మీద చెయ్యేసి, చేతికి తెలిసింది చెప్పేవాణ్ణి. తెలియనప్పుడు మంచిదనేవాణ్ణి. తప్పు నాదండీ. పిల్లది కాదు."

బొంగరం ఆయన వంక చూస్తూ తల అడ్డంగా ఊపింది, వద్దని. ఆయన చూశాడు. చూసి కూడా, నీళ్ల ఇంజనీరు వైపు తిరిగి చేతులు జోడించి, మీకు కూడా ముందే చెప్పాల్సిందయ్యా అని, కూర్చున్నాడు. ఇంజనీరు పక్క కుర్చీలోకి జరిగి ఆయన మోకాలి మీద చెయ్యేశాడు. ఆ ఏడు పంప్‌హౌస్ తనిఖీ మీటర్లవాళ్లకు వెళ్లింది. ఇందులో ఇంజనీరును తప్పుబట్టడానికి లేదు.

పరీక్షకులు అరగంట తలుపు వేసుకుని మాట్లాడుకుని, డిగ్రీ ఇవ్వొచ్చని రాశారు. ఒక్క దిద్దుబాటు అడిగారు. కారణం తెలియరాలేదన్న చోట కారణం రాయాలి. రెండు వారాలు గడువు.

ఒక్క వాక్యానికి ఆమెకు పదమూడు రోజులు పట్టింది. పదమూడో రోజు మధ్యాహ్నం కాగితం అచ్చు వేయించుకుని షాపుకు వెళ్లింది. ఈసారి వాకిట్లో పిలవకుండా నేరుగా వెళ్లి బల్లకు అవతల, ఆయనకు కనబడేటట్టు నిలబడి, కాగితం ముందు పెట్టింది. ఆయన చేతులు తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని చదివాడు. నిపుణుడి వినికిడి శక్తి ఈ నాలుగేళ్లలో కొంత తగ్గడమే ఈ మార్పునకు కారణం, అని ఉంది.

రెండోసారి కూడా చదివాడు. చెవి మీద ఉన్న పెన్సిలు తీసి, కొంత అన్న మాటను కొట్టేసి, కాగితం వెనక్కి ఇచ్చాడు.

"ఇప్పుడు రాసుకో," అన్నాడు.

ఆమె ఇంటికెళ్లి అలాగే టైపు చేసి పంపింది.